డబ్బాలో డబ్బా: గద్వాల చీర నుంచి మన ఫోన్ వీడియో దాకా

ఈ రోజు ఎపిసోడ్‌ని నా సొంత సంగతితో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కింద నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊళ్లో మా పెద్దనాయన పండుగ సాయన్న కథ పాడుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేశాను. పండుగ సాయన్న అంటే మన పాలమూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఉన్నోళ్ల దగ్గర గుంజుకొని లేనోళ్లకి పంచిన మనిషని ఇప్పటికీ ఆయన మీద పాటలు కట్టి పాడుతరు. పెద్దనాయన ఆ రోజు మంచి ఊపు మీద ఉన్నాడు. ఇరవై మూడు నిమిషాలు పాడాడు. సరిగ్గా అప్పుడే బ్యాటరీ అయిపోయి ఫోన్ ఆగిపోయింది.

చార్జింగ్ పెట్టి చూస్తే ఫైల్ ఉంది. సైజు కూడా రెండు జీబీ పైనే చూపిస్తుంది. కానీ ఓపెన్ చేస్తే "ఈ వీడియో ప్లే కాదు" అని ఒక్క మాట. ఇంకో యాప్‌లో పెట్టినా అంతే, కంప్యూటర్‌లో పెట్టినా అంతే. పాట మొత్తం అందులోనే ఉంది, బయటికి మాత్రం రాదు. మీలో చాలామందికి ఇది జరిగే ఉంటుంది. పెళ్లి వీడియోనో, కాలేజీ ఫంక్షన్‌దో.

ఎందుకిలా అయింది? దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే నేను నార్వే దాకా పోవాల్సి వచ్చింది. 1960ల నాటి నార్వే. ఆ దారిలో గద్వాల కూడా తగిలింది. ఈ ఎపిసోడ్ ఆ ప్రయాణమే. కంప్యూటర్ సైన్స్ చదవనివాళ్లు కూడా భయపడకండి, అందరికీ అర్థమయ్యేలా చెప్తాను.

మొదలు గద్వాలకే పోదాం.

ఇంజనీరింగ్‌లోనో పాలిటెక్నిక్‌లోనో జావా చదివినవాళ్లకి "ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్" అనే మాట తెలుసు. అందరికీ ఒకటే ఉదాహరణ చెప్తారు: యానిమల్ ఒక క్లాసు, డాగ్ దాని పిల్ల క్లాసు, అది మొరుగుతుంది. పరీక్షకి సరిపోతుంది కానీ ఎందుకు కనిపెట్టారో ఎక్కదు. నాకూ ఎక్కలేదు. గద్వాలలో మగ్గం ముందు కూర్చున్నప్పుడు ఎక్కింది.

గద్వాల చీర చూడండి. ఒంటికి నూలు, అంచుకి, కొంగుకి పట్టు, పైన జరీ. అసలు గద్వాల చీరకి పేరొచ్చిందే అక్కడ. నూలు గుణం వేరు, పట్టు గుణం వేరు. నూలు చెమట పీల్చుకుంటుంది, పట్టు మెరుస్తుంది. రెండిటినీ కలిపి ఒకే దారంగా వడికితే ఏ గుణమూ పూర్తిగా దక్కదు. అందుకని మన నేతగాళ్లు ఏం చేశారంటే, అంచుకి ఒక నాడె, ఒంటికి ఒక నాడె, అవతలి అంచుకి ఇంకో నాడె, ఇట్లా మూడు నాడెలతో నేస్తారు. అంచు పేక, ఒంటి పేక కలిసే చోట ఒకదాన్నొకటి పెనవేసుకొని వెనక్కి తిరుగుతాయి. దీన్ని కుప్పడం అంటారు, కుట్టు అని కూడా అంటారు. చీర ఒకటే, కానీ భాగాలు దేనికవే. అంచు రంగు మార్చాలంటే ఒంటిని ముట్టుకోనక్కర్లేదు. కలిసే చోట కుట్టు సరిగ్గా పడితే చాలు.

ఇంకొకటి. గద్వాల మగ్గాల మీద డిజైన్ కోసం జకార్డ్ వాడతారు. రంధ్రాలు కొట్టిన అట్టలు వరుసగా తిరుగుతుంటాయి, ఏ పడుగు దారం లేవాలో ఆ రంధ్రం చెప్తుంది. ఒక అట్టల సెట్టుతో వంద చీరలు నేయొచ్చు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. అట్టలు చీర కాదు, చీర ఎట్లుండాలో చెప్పే నమూనా. కంప్యూటర్ వాళ్ల భాషలో అట్టల సెట్టు "క్లాస్", మగ్గం దిగిన ఒక్కో చీర ఒక్కో "ఆబ్జెక్ట్". నమూనా ఒకటే అయినా ఏ చీర రంగు దానిది, ఏ చీర పొడవు దానిది.

ఈ జకార్డ్‌కీ కంప్యూటర్‌కీ నిజంగానే చుట్టరికం ఉంది. ఫ్రాన్స్‌లో లియాన్ నగరపు జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ 1830లలో లెక్కలు చేసే యంత్రం గీస్తూ, దానికి ఆజ్ఞలు ఇవ్వడానికి ఆ అట్టలనే తీసుకున్నాడు. ఆ యంత్రం గురించి ఏడా లవ్‌లేస్ 1843లో రాసిన వివరణలో ఒక ముందుచూపు ఉంది. ఈ యంత్రం అంకెలతోనే ఆగదు, స్వరాల మధ్య సంబంధాలని సరిగ్గా చెప్పగలిగితే సంగీతం కూడా కట్టగలదని ఆమె ఊహించింది. మల్టీమీడియా అనే మాటకి వందేళ్లకి పైగా ముందు సంగతి ఇది.

సరే, ఇప్పుడు నార్వే.

1960లలో ఓస్లోలో నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్ అని ఒక సంస్థ. అందులో క్రిస్టెన్ నైగార్డ్, ఊలె యోహాన్ డాల్ అని ఇద్దరు. వాళ్ల పని సిమ్యులేషన్. అంటే నిజంగా జరిగే వ్యవహారాన్ని కంప్యూటర్‌లో ఆడించి చూడటం. క్యూలో మనుషులు ఎంతసేపు నిలబడతారు, పనులు ఎక్కడ ఇరుక్కుంటాయి, ఇట్లాంటివి. అప్పటి ప్రోగ్రాములు ఎట్లుండేవంటే, వివరాలన్నీ ఒక మూల, పనులన్నీ ఇంకో మూల. ఏ వివరం ఏ వస్తువుదో ప్రోగ్రామ్ రాసేవాడే గుర్తుపెట్టుకోవాలి. క్యూలో వెయ్యి మంది ఉంటే తల తిరిగిపోతుంది.

వాళ్లు చేసిన మార్పు చెప్పుకుంటే చాలా చిన్నది. ప్రతి వస్తువూ తన వివరాలు, తన పని తనతోనే మోసుకుపోవాలి. అంతే. దీని కోసం సిమ్యులా అనే భాష తయారు చేశారు. 1967లో వచ్చిన రూపం, సిమ్యులా 67లో క్లాస్, ఆబ్జెక్ట్, ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసు పుట్టడం, అన్నీ ఉన్నాయి. ఇవాళ జావాలో మీరు చదివేది అక్కడి నుంచి వచ్చిందే. ఈ ఇద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. తర్వాతి ఏడాది, 2002లో, కొన్ని వారాల తేడాతో ఇద్దరూ చనిపోయారు.

ఇదే కాలంలో అమెరికాలో ఇంకో మనిషి బొమ్మల వైపు నుంచి ఇదే చోటికి వచ్చాడు. ఐవన్ సదర్లండ్. 1963లో ఎంఐటీలో పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అని ఒక ప్రోగ్రామ్ చేశాడు. తెర మీద కాంతి కలంతో గీతలు గీయొచ్చు. అందులో ఒక మూల బొమ్మ గీసి, దాని నకళ్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. మూల బొమ్మని మారిస్తే నకళ్లన్నీ వాటంతటవే మారిపోతాయి. మీరు ఫోన్‌లో లోగో డిజైన్ చేసే యాప్ వాడినా, గేమ్‌లో ఒకేలాంటి వంద చెట్లు చూసినా, దాని ముత్తాత స్కెచ్‌ప్యాడే.

ఈ రెండు దారులూ ఒక కుర్రాడి దగ్గర కలిశాయి. అలన్ కే. 1966లో యూటా యూనివర్సిటీలో చేరాడు, జీవశాస్త్రం చదివి వచ్చినవాడు, జాజ్ గిటార్ కూడా వాయించేవాడు. చేరిన కొత్తలోనే స్కెచ్‌ప్యాడ్ థీసిస్, సిమ్యులా రెండూ కళ్లబడ్డాయి. ఆయనకి జీవకణాలు గుర్తొచ్చాయి. మన ఒంట్లో కోట్ల కణాలు, దేని బతుకు దానిది, ఒకదానికొకటి కబురు పంపుకుంటూ పనిచేస్తాయి. కంప్యూటర్ కూడా అట్లా ఎందుకుండకూడదు? "ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్" అనే పేరు పెట్టింది ఆయనే.

తర్వాత ఆయన కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ వాళ్ల పార్క్ అనే పరిశోధన కేంద్రానికి పోయాడు. అక్కడ డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ లాంటి వాళ్లతో కలిసి స్మాల్‌టాక్ అనే భాష చేశారు. 1972లో అలన్ కే ఒక వ్యాసం రాశాడు: నోటుబుక్కంత కంప్యూటర్, పిల్లలకోసం, దాంట్లో బొమ్మ గీయొచ్చు, పాట కట్టొచ్చు, చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. గది నిండా కంప్యూటర్లు ఉన్న కాలం అది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఒకసారి చూసుకోండి.

1977లో ఆయన, గోల్డ్‌బర్గ్ కలిసి ఇంకో వ్యాసం రాశారు. కంప్యూటర్ ఒక మాధ్యమం మాత్రమే కాదు, మిగతా మాధ్యమాలన్నీ దాంట్లో ఒదుగుతాయని దాని సారాంశం. బొమ్మ, శబ్దం, అక్షరం, కదలిక, ఇవన్నీ ఒకే యంత్రంలో కలవాలంటే ఏం కావాలి? అదిగో, నూలు, పట్టు సమస్యే మళ్లీ వచ్చింది. శబ్దం గుణం వేరు, బొమ్మ గుణం వేరు. అందుకే ఆబ్జెక్ట్‌లు. ప్రతిదీ తన గుణం తను ఉంచుకుంటుంది, "ఆడు" అని కబురు పంపితే బొమ్మ బొమ్మలాగా ఆడుతుంది, పాట పాటలాగా ఆడుతుంది. పిలిచేవాడికి లోపల ఏముందో తెలియనక్కర్లేదు.

1979 చివర్లో స్టీవ్ జాబ్స్ పార్క్‌కి పోయి ఇదంతా చూశాడు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆయనే ఒప్పుకున్నాడు: అక్కడ మూడు సంగతులు చూపించారు, నాకు కిటికీలు, మౌస్ మాత్రమే కనబడ్డాయి, ఆబ్జెక్ట్‌ల సంగతి, నెట్‌వర్క్ సంగతి అప్పుడు పట్టించుకోలేదని. పట్టించుకున్నాక నెక్స్ట్ అనే కంపెనీని ఆ ఆలోచన మీదే కట్టాడు. టిమ్ బర్నర్స్ లీ 1990లో మొదటి వెబ్ బ్రౌజర్ రాసింది ఆ నెక్స్ట్ కంప్యూటర్ మీదే. ఆపిల్ ఆ కంపెనీని కొన్నది, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఆ వంశమే. ఆండ్రాయిడ్ యాప్‌లు జావాలో మొదలయ్యాయి, జావా సిమ్యులా వంశం. మన దగ్గర ఏ ఫోనున్నా, ప్లే బటన్ నొక్కితే పలికేది ఓస్లో నాటి ఆలోచనే.

ఇది ప్రోగ్రాముల కథ. ఇప్పుడు ఫైళ్ల కథకి వద్దాం, నా పాట ఇరుక్కుంది అక్కడే కదా.

1991 డిసెంబర్‌లో ఆపిల్ క్విక్‌టైమ్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. తపాలా బిళ్ల అంత వీడియో కంప్యూటర్ తెర మీద ఆడేది, దానికే జనం నోరెళ్లబెట్టారు. వీడియో సైజు సంగతి పక్కన పెడితే, అసలు గొప్పతనం ఫైల్ కట్టిన తీరులో ఉంది. సినిమా అంటే బొమ్మల వరుస అని వాళ్లు అనుకోలేదు. సినిమా అంటే ఒక అమరిక అనుకున్నారు. బొమ్మలది ఒక ట్రాక్, శబ్దానిది ఒక ట్రాక్, అక్షరాలది ఇంకో ట్రాక్. ఏ క్షణంలో ఏది రావాలో చెప్పే పట్టిక వేరే.

ఇవన్నీ డబ్బాల్లో పెట్టారు. ప్రతి డబ్బా మీద రెండు సంగతులు రాసి ఉంటాయి: నా సైజు ఇంత, నా పేరు ఇది. పేరుకి నాలుగే అక్షరాలు. డబ్బాలో డబ్బా, దాంట్లో ఇంకో డబ్బా. దీని వల్ల లాభం ఏందంటే, ఫోన్‌కి తెలియని డబ్బా ఎదురైతే గాబరా పడదు. సైజు చూసుకొని దాన్ని దాటేసి ముందుకు పోతుంది. అందుకే పాత ప్లేయర్ కొత్త ఫైల్‌ని కూడా చాలావరకు ఆడించగలదు. ముప్పై ఏళ్లుగా ఈ పద్ధతి బతికి ఉందంటే కారణం అదే.

ఈలోగా ప్రపంచం మొత్తానికి వీడియో ప్రమాణాలు రాసే ఎంపెగ్ అనే బృందం ఉంది. 1988లో మొదలైంది, ఇటలీకి చెందిన లియొనార్డో కియారిలియోనె 2020 దాకా దానికి పెద్దగా ఉన్నాడు. వీసీడీలు గుర్తున్నాయా, అది ఎంపెగ్ 1. డీవీడీ, డిష్ టీవీ, అది ఎంపెగ్ 2. ఆ తర్వాత వాళ్లు ఎంపెగ్ 4 మొదలుపెట్టారు, 1998 అక్టోబర్‌కి మొదటి రూపం ఖరారైంది. ఈసారి పెద్ద కలే కన్నారు.

ఆ కల ఏంటో మన మనిషితోనే చెప్పుకుందాం. దర్శనం మొగిలయ్య గారు, నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. పన్నెండు మెట్ల కిన్నెర. 2021లో భీమ్లా నాయక్ పాటతో అందరికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కిన్నెర పట్టుకొని పాడుతుంటే మీరు వీడియో తీశారనుకోండి. మామూలు వీడియోలో అంతా కలిసిపోతుంది. మనిషి, కిన్నెర, వెనక నల్లమల చెట్లు, అన్నీ ఒకే చుక్కల గుట్ట. గొంతు, తీగల మోత, పక్కన కుక్క అరుపు, అన్నీ ఒకే శబ్దం.

ఎంపెగ్ 4 వాళ్లు ఏమనుకున్నారంటే, మనిషి ఒక ఆబ్జెక్ట్, వెనక కొండ ఒక ఆబ్జెక్ట్, గొంతు ఒకటి, కిన్నెర ఒకటి, కింద నడిచే అక్షరాలు ఒకటి. దేనికదే విడిగా ప్యాక్ చేసి పంపుదాం, చూసేవాడి దగ్గర అవన్నీ కలిసి దృశ్యం అవుతాయి. కావాలంటే గొంతు తగ్గించి కిన్నెర ఒక్కటే వినొచ్చు. కొండ మాటిమాటికీ మారదు కాబట్టి ఒకసారి పంపితే చాలు. ఇంతకీ ఇది గద్వాల నేతే. భాగాలు విడివిడిగా, కుట్టు దగ్గర కలయిక.

ఇది జరగలేదు. ఎందుకంటే తీసిన వీడియోలో మనిషి ఎక్కడ అయిపోయి కొండ ఎక్కడ మొదలవుతుందో కంప్యూటర్‌కి తెలియాలి కదా. ఆ రోజుల్లో అది చేతకాలేదు. స్టూడియోలో రంగు తెర ముందు తీస్తే తప్ప కుదిరేది కాదు. పైగా మార్కెట్ అడిగింది వేరు. "విడగొట్టడం తర్వాత, ముందు ఫైల్ చిన్నగా చెయ్యండి, బొమ్మ నీట్‌గా రావాలి" అన్నది. 2003లో హెచ్.264 వచ్చి ఆ కోరిక తీర్చింది. అదీ ఎంపెగ్ 4 ఇంట్లోదే, పదో భాగం. కానీ దాంట్లో ఆబ్జెక్ట్‌లు లేవు, మళ్లీ చుక్కల గుట్టే. ఇవాళ మీరు రీల్‌లో వెనక బ్యాక్‌గ్రౌండ్ తీసేసి తాజ్‌మహల్ పెట్టుకుంటున్నారు చూడండి, మనిషిని వేరు చేసే ఆ పని ఇన్నేళ్లకి ఏఐతో సాధ్యమైంది. అది కూడా ఎడిటింగ్ వరకే. సేవ్ కొట్టగానే అంతా మళ్లీ ఒకటే గుట్ట.

బొమ్మలో ఆబ్జెక్ట్‌లు ఓడిపోయాయి కానీ ఫైల్‌లో గెలిచాయి. ఎంపెగ్ వాళ్లు తమ ఫైల్ కోసం క్విక్‌టైమ్ డబ్బాల పద్ధతినే తీసుకున్నారు. 2001లో మొదటి రూపం, 2003లో సవరించిన రూపం. దాని పేరే మీరు రోజూ చూసే ఎంపీ4.

ఇప్పుడు నా రెండు జీబీ ఫైల్ లోపలికి పోదాం.

ఎంపీ4లో పై వరుసలో మూడు ముఖ్యమైన డబ్బాలు. మొదటి చిన్న డబ్బా "నేను ఫలానా రకం ఫైల్" అని చెప్తుంది. రెండోది "ఎండాట్", అసలు సరుకు, బొమ్మా శబ్దమూ అంతా దీంట్లోనే. మూడోది "మూవ్". ఇది పట్టిక. ఎన్ని ట్రాకులున్నాయి, ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుంది, ఏ క్షణంలో ఏది ఆడాలి, అన్నీ ఇక్కడ రాసి ఉంటాయి.

చాలా ఫోన్లు రికార్డ్ చేసేటప్పుడు ఎండాట్‌ని నింపుకుంటూ పోతాయి. మూవ్ డబ్బాని చివర్లో, మీరు స్టాప్ నొక్కాక రాస్తాయి. అది సహజమే, ఎంతసేపు తీస్తారో ముందే తెలియదు కదా. మా పెద్దనాయన పాటకి స్టాప్ నొక్కలేదు, బ్యాటరీ ఆగిపోయింది. సరుకంతా ఉంది, పట్టిక లేదు. బస్తాల నిండా దారం ఉంది, ఏది పడుగో ఏది పేకో చెప్పేవాడు లేడు. ఫోన్ దృష్టిలో అది వీడియోనే కాదు.

దీనికి మందు ఉంది. అదే ఫోన్‌తో, అదే సెట్టింగ్‌తో తీసిన ఇంకో మంచి వీడియో ఉంటే, దాని పట్టిక చూసి, చెడిపోయిన ఫైల్‌కి అంచనాగా పట్టిక కట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. నమూనా ఒకటే కాబట్టి కుదురుతుంది, అట్టల సెట్టు ఒకటే అయినట్టు. నేను రెండు రోజులు కూర్చున్నాను. ఇరవై మూడు నిమిషాల్లో పంతొమ్మిది దాకా వచ్చింది. అక్కడక్కడా బొమ్మ చెదిరింది, గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. ఎంత సంతోషమో చెప్పలేను.

కానీ అసలు నష్టం అప్పుడు తెలిసింది.

పాట విన్నాను. మధ్యలో ఒక చోట పెద్దనాయన ఎవరిదో పేరు తీసుకుంటాడు, "మా గురువు" అంటాడు, సరిగ్గా అక్కడే మాట చెదిరింది. ఆ గురువు ఎవరు, ఏ ఊరు, ఈ వరస ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఫైల్‌లో ఎక్కడా లేదు. పెద్దనాయనని అడుగుదామంటే అప్పటికే ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎంపీ4లో వివరాలు రాసుకోవడానికి కూడా ఒక డబ్బా ఉంటుంది: పేరు, పాడినవాళ్లు, సంవత్సరం, వివరణ. నా ఫైల్‌లో అది ఖాళీ. మీ ఫోన్‌లో ఉన్న వీడియోల్లో కూడా దాదాపు ఖాళీయే, తేదీ తప్ప. ఆ డబ్బా పెట్టినోళ్లు పెట్టారు, నింపాల్సింది మనం.

ఇది నా ఒక్కడి సంగతి అయితే ఇంత పెద్ద ఎపిసోడ్ చేయను. ఇది మన తెలుగువాళ్ల పెద్ద కథలో కూడా జరిగింది. రాజ్ రెడ్డి గారు, ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన మనిషి. ప్రపంచంలోని పుస్తకాలన్నీ అందరికీ ఉచితంగా దొరకాలని పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు నడిపారు. అందులో భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దానికి ఒక పెద్ద కేంద్రంగా ఉండేది. వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ పని జరగకపోతే ఎన్నో పుస్తకాలు చెదలకి పోయేవి. కానీ పేజీలన్నీ బొమ్మలుగా ఉండేవి, అక్షరాలుగా కాదు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో రాశారు. ఉన్న పుస్తకాన్ని వెతికి పట్టుకోవడమే ఒక విద్య అయిపోయింది. సరుకు ఉంది, పట్టిక సరిగ్గా లేదు. నా పాట లాగే.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. యూనికోడ్ 1991లో వచ్చింది, తెలుగుకి అందులో చోటుంది. "స్త్రీ" అని మీరు టైప్ చేస్తే ఫోన్ దాన్ని ఆరు సంకేతాలుగా దాస్తుంది. రూపం ఎట్లుండాలో ఫాంట్ చూసుకుంటుంది. అక్షరం వేరు, దాని బొమ్మ వేరు. అందుకే ఫాంట్ మార్చినా మాట మారదు, వెతికితే దొరుకుతుంది. అదే అక్షరాలని వీడియో మీద బొమ్మగా అచ్చు వేశారనుకోండి, ఇంక అది చుక్కల గుట్ట, మామూలు సెర్చ్‌కి దొరకదు.

ఇప్పుడు చివరి మనిషి దగ్గరికి వద్దాం. కంప్యూటర్ ముఖం చూడని మనిషి.

సురవరం ప్రతాపరెడ్డి గారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని అప్పట్లో ఒకాయన రాశాడు. ప్రతాపరెడ్డి గారు కోపంతో ఒక వ్యాసం రాసి ఊరుకోలేదు. కవులని వెతికి, వాళ్ల పద్యాలు, వాళ్ల వివరాలు సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. 354 మంది కవులు. ఆ పుస్తకం బల్ల మీద పెట్టాక ఇంక ఎవరేం మాట్లాడతారు?

ఆ కవులు అంతకుముందు లేరా? ఉన్నారు. పద్యాలూ ఉన్నాయి. ఊరూరా చెదిరి ఉన్నాయి. ప్రతాపరెడ్డి గారు చేసింది మూవ్ డబ్బా రాయడం. ఎవరు, ఎక్కడివాళ్లు, ఏం రాశారు. ఆ పట్టిక లేకపోతే, రెండు జీబీ సరుకు ఉన్నా ప్లే కాని ఫైల్ లాగే, 354 మంది ఉన్నా "లేరు" అనే మాటే చెల్లుబాటు అయ్యేది.

2016 అక్టోబర్ 11న ఉమ్మడి పాలమూరు నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలు అయ్యాయి. ఈ మూడు జిల్లాల్లో ఇవాళ ప్రతి ఇంట్లో కెమెరా ఉంది, ఫోన్ రూపంలో. కిన్నెర పాటలు, నాట్ల పాటలు, కోటకొమ్మ అంచు నేసే చేతులు, అన్నీ రికార్డ్ అవుతూనే ఉన్నాయి. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. మామూలుగా వీడియోగా పంపితే యాప్ దాన్ని కుదిస్తుంది, ఉన్న కాసిన్ని వివరాలు కూడా రాలిపోతుంటాయి. ఇరవై ఏళ్లకి "ఎవరో ముసలాయన పాడుతున్నాడు" అనే వీడియో మిగులుతుంది. ఎవరో. ఆ మాట నాకు చాలా బాధ అనిపిస్తుంది, ఎందుకంటే మా పెద్దనాయన గురువు ఇప్పటికే "ఎవరో" అయిపోయాడు.

అందుకని మీకు చిన్న చిన్న పనులు చెప్తాను, పైసా ఖర్చు లేదు. ఎవరినైనా రికార్డ్ చేస్తే మొదటి నిమిషంలోనే కెమెరా ముందు వాళ్ల నోటితో పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించండి. డబ్బా ఖాళీగా ఉన్నా గొంతులో ఉంటుంది. పొడుగు పాటైతే పది నిమిషాలకోసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి, ఆపిన ప్రతిసారీ ఒక పట్టిక రాసుకుంటుంది. ఏం జరిగినా పోతే చివరి ముక్కే పోతుంది. ఫోన్‌లో తీసిన అసలు ఫైల్‌ని వేరే చోట దాచండి, ఫార్వర్డ్ అయి వచ్చిన కాపీని నమ్ముకోకండి. ఫైల్ పేరు తెలుగులోనే రాయండి: పాట, మనిషి, ఊరు, సంవత్సరం. పాట మాటలు రాస్తే వీడియో మీద అచ్చు వేయకుండా విడిగా సబ్‌టైటిల్ ఫైల్‌గా పెట్టండి.

నేను మా పెద్దనాయన ఫైల్‌కి ఖాళీ డబ్బాలో ఆయన పేరు, మా ఊరు, తేదీ రాశాను. గురువు అనే చోట మాత్రం ఇంకా ఏమీ రాయలేదు. చుట్టుపక్కల ఊళ్లలో పాత పాటగాళ్లని అడుగుతూనే ఉన్నాను. మీ ఇంట్లో పండుగ సాయన్న కథ పాడే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం వాళ్ల పక్కన ఒక గంట కూర్చోండి. ముందు ఫోన్ చార్జింగ్ పెట్టుకొని కూర్చోండి.

ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.